పుర్రచేతి వాటం

ఇవాళ కోసే గొట్టం నా చివరిది.
నెలాఖరుకి పింఛను.
ఎల్బె నది మీద పొగమంచు ఇంకా లేవలేదు,
పదకొండో నంబరు ట్రాము గంట మాత్రం వినబడుతోంది.

చిటికెన వేలంత లావు, జానెడు పొడవు క్వార్ట్జ్.
లోపల టాంటలమ్ పొడి, ఆర్సెనిక్ ముక్కలు,
చిటికెడు అయొడిన్.
గాలి మొత్తం తోడేసి, మంట మీద
తిప్పుతూ తిప్పుతూ మూతి బిగించాను.
ఎడమచేత్తోనే తిప్పుతాను.

బడిలో పంతులమ్మ ఈ చేతిని
రిబ్బనుతో బల్లకి కట్టేసేది.
కుడిచేత్తో రాయి హైడ్రున్, అందరూ రాసినట్టు.
రాశాను. ఇప్పటికీ నా సంతకం
ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుంటుంది.
మంట దగ్గరికి వచ్చాకే
ఈ చేతికి ముడి ఊడింది.

కొలిమిలో మూడు వారాలు.
ఒక కొసన వేడి, ఇంకో కొసన కాస్త తక్కువ.
వంగపండు రంగు ఆవిరై అయొడిన్
టాంటలమ్‌ని భుజాన వేసుకుని ఈ కొస నుంచి ఆ కొసకి పోతుంది,
దించుతుంది, ఖాళీ చేతులతో తిరిగొస్తుంది,
మళ్ళీ ఎత్తుకుంటుంది.
కూలి అడగదు.
స్ఫటికం పేరులో దాని పేరుండదు.

నిరుడు ఒక గొట్టం పగిలింది.
హాలంతా వెల్లుల్లి వాసన.
వంటింట్లో అయితే ఆకలేసే వాసన,
ఇక్కడ పరుగెత్తమనే వాసన.
పదకొండు రోజులు తాళం వేశారు.
బిగింపు నాదే. ఎవరూ ఆ మాట అనలేదు.
థ్వీ మాత్రం సైకిలు మీద ఇంటికొచ్చి
వాళ్ళమ్మ కాచిన సూప్ గిన్నె గుమ్మంలో పెట్టి
"మళ్ళీ చేద్దాం" అని వెళ్ళిపోయింది.

వాళ్ళమ్మ హనోయ్ నుంచి ఇక్కడి మిల్లుకి
ఒప్పందపు కూలీగా వచ్చిన మనిషి.
గోడ కూలాక మిల్లు మూతబడింది. ఆవిడ మిగిలింది.
థ్వీ ఇక్కడే పుట్టింది,
నాకంటే పచ్చిగా సాక్సన్ యాస మాట్లాడుతుంది.

తను చెప్పిందాంట్లో నాకు అందింది ఇంతే:
స్ఫటికంలో ఎలక్ట్రాన్లు కిక్కిరిసి ఉన్నచోట
రెండు శంకువులు మొనకి మొన తాకుతాయి,
పని నేర్చుకునే రోజుల్లో నేను ఊదిన
ఇసుక గడియారం నడుములా.
ఆ నడుము దగ్గర
గుంపు గుంపంతా ఒక్క కణంలా నడుస్తుంది.
దానికి బరువుండదు.
"తక్కువా?" అన్నాను.
"అసలుండదు."
"అయితే బయటికి తీసి చూపించు."
నవ్వింది. బయట అది లేదు హైడ్రున్.
చేప కాదు, ఏటి సుడి.
చెంబుతో ముంచుకొస్తే నీళ్ళే వస్తాయి.

వెళ్తూ వెళ్తూ, హెల్మెట్ పెట్టుకుంటూ, ఇంకో మాట:
ప్రతిదానికీ ఒక వాటం ఉంటుందట.
కొన్ని కుడివాటం, కొన్ని పుర్రచేతి వాటం.
ఒకటి ఉందంటే ఎదురు వాటంది
ఎక్కడో ఒకచోట ఉండి తీరాల్సిందే.
ఒక్కదాన్నే పట్టుకుని చెరపడం ఎవరి తరమూ కాదు,
రెండూ ఎదురుపడి కలిస్తేనే రెండూ మాయం.
"రిబ్బను కడితే?" అన్నాను.
తనకి అర్థం కాలేదు. నేనూ విప్పి చెప్పలేదు.

మొన్న అర్ధరాత్రి ఫోను.
అయస్కాంతాన్ని కరెంటు దారి వెంటే పెట్టారట.
పెరుగుతుందనుకున్న నిరోధం తగ్గిందట,
ఒక వాటంవి ఇంకో వాటం వైపు ఒలికాయట.
"గీత దిగుతోంది, దిగుతూనే ఉంది" అంటోంది.
నేను చీకట్లో మంచం మీద కూర్చుని
రెండు అరచేతులూ ఒకదానికొకటి ఆనించి చూశాను.
సరిపోయాయి. ఒకదాని మీద ఒకటి బోర్లిస్తే
బొటనవేళ్ళు చెరో వైపు పోయాయి.

గొట్టం కోశాను. అంచున, ఆవగింజ కంటే కాస్త పెద్దది,
అద్దంలా మెరుస్తూ ఒకటి.
త్రాసు మీద పెట్టి తలుపు మూశాను,
నా ఊపిరికి కూడా ఊగుతుంది మరి.
రిజిస్టరులో రాయాలి: పదిహేడు మిల్లీగ్రాములు.
కలం ఏ చేతిలో ఉందో చూసుకోలేదు.
ఏడు కాస్త వంకరగా వచ్చింది.